పొడవాటి ఫ్లూమా, వెడల్పాటి ఇసుక తొట్టా? నది కోత, ఇసుక కదలికలపై ప్రయోగానికి ఏది ఎంచుకోవాలి

‘ల్యాబ్‌లో ఫ్లూమ్ ఖాళీగానే ఉంది, అందులోనే చేసేద్దాం.’ (ఫ్లూమ్ అంటే గోడల మధ్య నీరు పారించే పొడవాటి ప్రయోగశాల కాలువ.) నేను చూసినంతలో మంచి ప్రశ్నలు పాడయ్యేది చాలావరకు ఈ మాట దగ్గరే. ప్రశ్నకు తగ్గ పరికరాన్ని వెతుక్కోవాల్సింది పోయి, ఉన్న పరికరానికి తగ్గట్టు ప్రశ్నను కత్తిరించేస్తాం. రెండేళ్లు పోయాక, మనం అడగాలనుకున్నది అసలు ఆ గాజు గోడల మధ్య జరిగేదే కాదని తెలుస్తుంది.

ఒడ్డు ఎందుకు కోసుకుపోతుంది, అడుగున గులకరాయి ఎప్పుడు కదులుతుంది, బంకమట్టి కట్ట ఎంత ప్రవాహాన్ని తట్టుకుంటుంది, రాతి లోయ ఎలా లోతెక్కుతుంది? ఈ నాలుగింటినీ మనం ‘నది కోత’ అనే అంటాం. ప్రయోగశాలకు వచ్చేసరికి మాత్రం ఇవి నాలుగు వేర్వేరు పనులు, నాలుగు వేర్వేరు పరికరాలు. కొత్తగా పరిశోధన మొదలుపెట్టేవాళ్లు, ఏదో ఒక కట్టడం కోసం పరీక్ష చేయించాల్సిన ఇంజనీర్లు, తరగతిలో నదిని చూపించాలనుకునే ఉపాధ్యాయులు ఏది పట్టుకోవాలో చూద్దాం.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న: మీరు దేన్ని బిగిస్తారు, దేన్ని నదికి వదిలేస్తారు? బయట నదిలో నీటి పరిమాణం, పైనుంచి వచ్చే ఇసుక, వాలు, వెడల్పు, లోతు, అడుగున ఉన్న రేణువుల సైజు, అన్నీ ఒకదాన్ని చూసి మరొకటి సర్దుకుంటాయి. ప్రయోగశాలలో వీటిలో కొన్నిటిని మనం పట్టి ఉంచుతాం. పట్టి ఉంచినదేదీ మనకు జవాబు చెప్పదు. గాజు గోడలున్న ఫ్లూమ్‌లో వెడల్పును బిగించేశాం కాబట్టి, ‘వరద పెరిగితే నది ఎంత వెడల్పవుతుంది’ అని దాన్ని అడగడంలో అర్థం లేదు. వినడానికి ఇంత తేలికైన విషయమే కానీ, పరికరాల మధ్య అసలు తేడా అంతా ఇందులోనే ఉంది.

రెండోది పదార్థం. గులకరాళ్లు, ఇసుక విడివిడి రేణువులుగా కదులుతాయి, వాటిని ఆపేది వాటి బరువే. బంకమట్టి అలా కాదు. రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఎంత సన్నగా ఉంటే అంత తేలిగ్గా కొట్టుకుపోతుందన్న లెక్క అక్కడ తిరగబడుతుంది. రాయి సంగతి మరీ వేరు. మామూలు నీటి ఒరిపిడికి గట్టి రాయి అరగడం చాలా నెమ్మది, నీరు మోసుకొచ్చే రాళ్ల దెబ్బలకే అది ఎక్కువగా అరుగుతుంది.

మూడోది పంపు. కాగితం మీద ఐదు నిమిషాల లెక్క ఇది, అయినా దీన్ని వాయిదా వేసి ఇబ్బంది పడేవాళ్లే ఎక్కువ. రేణువు కదలడానికి నీరు అడుగును ఎంత బలంగా ఈడ్వాలో చెప్పే సూత్రం 1936లో బెర్లిన్‌లో ఆల్బర్ట్ షీల్డ్స్ రాసిన థీసిస్ నుంచి వచ్చింది. ఆయన ఒక్క రకం పదార్థంతో ఆగకుండా గ్రానైట్, బెరైట్, లిగ్నైట్, అంబర్ లాంటి వేర్వేరు సాంద్రతలున్న వాటితో ప్రయోగాలు చేశాడు. ఆ ఈడ్పును రేణువు నీటిలో తూగే బరువుతో పోల్చితే వచ్చే సంఖ్య, కదలిక మొదలయ్యే చోట, సాధారణంగా 0.03 నుంచి 0.06 మధ్య ఉంటుంది.

ఇప్పుడు 10 మిల్లీమీటర్ల గులకరాయిని తీసుకోండి. 0.045 వేసుకుంటే దాన్ని కదిలించడానికి సుమారు 7.3 పాస్కల్‌ల ఈడ్పు కావాలి. ఫ్లూమ్ వాలు నూటికి ఒకటి అయితే, అంత ఈడ్పు రావడానికి నీటి లోతు దాదాపు ఏడున్నర సెంటీమీటర్లు ఉండాలి. వేగం సెకనుకు 0.8 మీటర్ల దాకా వెళ్తుంది. అర మీటరు వెడల్పు ఫ్లూమ్‌కు సెకనుకు 30 లీటర్ల నీరు. అది కూడా రాళ్లు కదలడం మొదలయ్యే దాకానే. ధారాళంగా దొర్లాలంటే ఇంకా కావాలి. అదే అర మిల్లీమీటరు ఇసుకైతే పావు పాస్కల్ చాలు. వెయ్యికి ఒకటి వాలులో రెండున్నర సెంటీమీటర్ల నీటికే కదిలిపోతుంది. మీ పంపు సెకనుకు పది లీటర్లే ఇస్తుందంటే, గులకరాళ్ల ప్రయోగం మీద ఆశ వదులుకోవచ్చు, లేదా ఫ్లూమ్‌ను సన్నగా చేసుకోవాలి. సన్నగా చేస్తే గోడల రాపిడి లెక్కను పాడుచేస్తుంది. వెడల్పు లోతుకు కనీసం ఐదు రెట్లు ఉంటేనే మధ్యలో కొలిచినదాన్ని నమ్మొచ్చని ఒక వాడుక లెక్క.

కాలం, కొలతలు కూడా లెక్కలోవే. వాటిని ఆయా పరికరాల దగ్గర చెప్తాను.

ఒక చూపులో

| పరికరం | మీరు బిగించేది | నది చెప్పే జవాబు | నప్పే పదార్థం | ముఖ్యమైన లోపం |
|---|---|---|---|---|
| పైనుంచి ఇసుక పోసే ఫ్లూమ్ | నీరు, ఇసుక సరఫరా, వెడల్పు | అడుగు వాలు, పైపొర రేణువుల సైజు | ఇసుక, గులకరాళ్లు | సమతుల్యతకు చాలా సమయం |
| ఇసుక తిరిగి వచ్చే ఫ్లూమ్ | నీరు, లోతు, మొత్తం ఇసుక, వెడల్పు | ఎంత ఇసుక, ఏ సైజుది కదిలింది | ఎక్కువగా ఇసుక | పంపు అరిగిపోవడం |
| వలయ ఫ్లూమ్ | మూత తిరిగే వేగం | బురద ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు దిగుతుంది | బంకమట్టి, ఒండ్రు | వలయంలో అడ్డంగా పుట్టే సుడులు |
| జెట్ పరీక్ష | నీటి ధార బలం | మట్టి కోతకు ఎంత తట్టుకుంటుంది | కట్టలు, ఒడ్ల మట్టి | ఒకే బిందువు గురించి చెప్తుంది |
| వెడల్పాటి ఇసుక తొట్టి | నీరు, ఇసుక సరఫరా, మొదటి వాలు | వెడల్పు, మెలికలు, పాయలు | ఇసుక, తేలిక పదార్థాలు | లోతు తక్కువ, కొలత కష్టం |
| రాతి అరుగుదల మర | నీటి వేగం, రాళ్ల పరిమాణం | రాయి ఎంత వేగంగా అరుగుతుంది | రాతి బిళ్లలు, గులకరాళ్లు | నది ఆకారం ఉండదు |
| స్థలానికి చేసిన నమూనా | ఒక నిజ స్థలం ఆకారం, ప్రవాహం | ఆ స్థలంలో గుంట, మేట | స్కేలును బట్టి | స్కేలు తప్పితే అంతా తప్పు |

తిన్నని ఫ్లూమ్: పోయాలా, తిప్పాలా?

వాలు మార్చగల పొడవాటి కాలువ ఈ రంగంలో పాత కాపు. గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ బర్క్‌లీలో చేసిన ప్రయోగాల మీద 1914లో వచ్చిన నివేదిక ఇప్పటికీ ఉటంకింపులకు నోచుకుంటూనే ఉంది. కాలిఫోర్నియా కొండల్లో బంగారం కోసం నీటి ధారలతో గుట్టలను కరిగిస్తే, ఆ శిథిలమంతా నదుల్లోకి దిగి మేట వేసింది. ఆ మేట ఎలా కదులుతుందో తెలుసుకోవడానికే ఆయన చెక్క కాలువల్లో ఇసుక పోసి కొలిచాడు. తర్వాత 1948లో జ్యూరిచ్‌కు చెందిన మేయర్-పీటర్, ముల్లర్ ఇచ్చిన సూత్రం కూడా ఇలాంటి కాలువలోంచి పుట్టిందే. గులకరాళ్ల నదుల్లో అడుగున దొర్లే భారాన్ని లెక్కించడానికి ఇంజనీర్లు ఈనాటికీ దాన్నే మొదట తీస్తారు.

ఇందులో రెండు రకాలున్నాయని, రెండూ ఒకే జవాబు ఇవ్వవని చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. మొదటి రకంలో పైచివర హాపర్‌లోంచి (గరాటు లాంటి ఇసుక డబ్బా) గంటకు ఇన్ని కిలోలని ఇసుక పడుతూ ఉంటుంది, కింది చివర తొట్టిలో చేరుతుంది. రెండో రకంలో కింద చేరిన ఇసుకను పంపు మళ్లీ పైకి తెస్తుంది. పోసే రకంలో ఇసుక సరఫరా మీ చేతిలో ఉంటుంది. ఎంత పోశారో అంత బయటికి వచ్చేదాకా అడుగు తన వాలును సర్దుకుంటుంది. అంటే జవాబు వాలు రూపంలో వస్తుంది. తిప్పే రకంలో ఎంత ఇసుక కదలాలన్నది ప్రవాహమే తేలుస్తుంది.

ఒకే సైజు రేణువులైతే ఈ తేడా అంతగా బాధించదు. సన్నవీ ముతకవీ కలిసిన గులకరాళ్ల దగ్గర బలంగా బయటపడుతుంది. పార్కర్, విల్కాక్ 1993లో దీన్ని స్పష్టంగా విడదీసి చూపించారు. పోసే ఫ్లూమ్‌లో సమతుల్యత వచ్చాక బయటికి వచ్చే మిశ్రమం, పోసిన మిశ్రమం ఒక్కటే అవ్వాలి. ముతక రాళ్లు సులువుగా కదలవు కాబట్టి, అవీ అదే పాళ్లలో కదలాలంటే అవి పైపొరలో ఎక్కువగా పోగుపడాలి. అందుకే పైపొర ముతకబారుతుంది. తిప్పే ఫ్లూమ్‌లో ఈ షరతు లేదు. కదలని రాయి కదలకుండానే ఉండిపోవచ్చు.

కాబట్టి ‘డ్యామ్ కట్టి ఇసుక ఆపేస్తే కింది నది అడుగు ఏమవుతుంది’ అనేది సరఫరా ప్రశ్న. పోసే ఫ్లూమే కావాలి. ఒక రోజు హాపర్ ఆపేస్తే డ్యామ్ కట్టినట్టే. ‘ఈ ప్రవాహానికి ఎంత ఇసుక మోసే శక్తి ఉంది’ అనే ప్రశ్నకు తిప్పే ఫ్లూమ్ త్వరగా తేలుస్తుంది.

చేతికి మట్టి అంటే సంగతులు కొన్ని. ఇసుకను కడగకుండా పోసి, మొదటి వారమంతా మురికినీళ్లు చూస్తూ కూర్చున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి, రెండుసార్లు కడగండి. తడిసిన ఇసుక హాపర్ మూతి దగ్గర గూడు కట్టి, లోపల నిండుగా ఉన్నా కింద పడదు. గంటకోసారి బరువు తూచి రాసుకోకపోతే సరఫరా ఎప్పుడు ఆగిందో మీకే తెలియదు. నీరు ప్రవేశించే చోటి అలజడి కొంత దూరం దాకా సాగుతుంది, కింది గేటు ఎత్తు తప్పుగా ఉంటే నీరు వెనక్కి ఎగదన్ని వాలును మార్చేస్తుంది. అందుకే పది మీటర్ల ఫ్లూమ్‌లో నిజంగా కొలవదగ్గది మధ్యలోని నాలుగైదు మీటర్లే. పొడవు కొనేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

బంకమట్టికి: వలయం, లేదా ధార

బురద రేణువులు నీటిలో ఒకదానికొకటి అంటుకుని మెత్తని గుత్తులవుతాయి. పంపులోంచి వెళ్తే ఆ గుత్తులు చితికిపోతాయి. వలయ ఫ్లూమ్ పుట్టింది ఈ బాధ తప్పించడానికే: గుండ్రటి కాలువ, పైన నీటిని తాకుతూ తిరిగే మూత. మొదలూ చివరా లేవు, పంపూ లేదు, ఎంతసేపైనా తిరుగుతూనే ఉంటుంది. గుండ్రంగా తిరిగే నీటిలో అడ్డంగా సుడి పుడుతుంది కాబట్టి మంచి యంత్రాల్లో మూతను ఒకవైపు, కాలువను ఎదురువైపు తిప్పుతారు. బంకమట్టి కోత వేగం, ఒక హద్దు దాటిన ఈడ్పుకు అనుపాతంలో పెరుగుతుందన్న లెక్క 1960ల్లో పార్థెనియాడెస్ పనితో స్థిరపడింది. నదీముఖాల బురదను లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లకు కావాల్సిన గుణకాలు ఇలాంటి పరీక్షల నుంచే వస్తాయి.

ఒక కట్ట మట్టిని తెచ్చి ‘ఇది ఎంత తట్టుకుంటుంది’ అని అడిగే ఇంజనీరుకు వలయం అక్కర్లేదు. నీటిలో మునిగిన నాజిల్‌తో మట్టి మీదకు నిలువుగా ధార వదిలి, గుంట లోతు కాలంతో పాటు ఎలా పెరుగుతుందో చూసే జెట్ పరీక్ష చాలు. దాన్ని పొలం గట్టు మీద కూడా చేయొచ్చు. వంతెన పునాది దగ్గర బోరు వేసి గొట్టంలో తీసిన నమూనా అయితే బ్రియో రూపొందించిన కోత పరికరం ఉంది. అందులో గొట్టాన్ని ప్రవాహం కింద అమర్చి, పిస్టన్‌తో మట్టిని ఒక మిల్లీమీటరు పైకి నెట్టి, అది కొట్టుకుపోవడానికి పట్టిన సమయం చూస్తారు. రెండిట్లోనూ ఒక జాగ్రత్త: మట్టిని ఎండబెట్టి, పొడి చేసి, మళ్లీ తడిపి పరీక్షిస్తే అది వేరే మట్టి అయిపోయినట్టే. తేమ, దట్టింపు, వేర్లు, పగుళ్లు ఉన్నవి ఉన్నట్టు ఉండాలి.

వెడల్పాటి తొట్టి: నదికి వదిలేసే పరికరం

నాకు ఇష్టమైనది ఇదే, కాబట్టి కాస్త పక్షపాతం కనిపిస్తే సర్దుకోండి. కొన్ని మీటర్ల వెడల్పు, ఇసుక పరిచిన నేల, పైన ఒక సన్నని ధార. గోడలు దూరంగా ఉన్నాయి కాబట్టి ఒడ్డు ఎక్కడుండాలో నదే నిర్ణయించుకుంటుంది. ఇప్పుడు వెడల్పు, మెలిక, పాయలు అన్నీ జవాబులే.

ఈ స్వేచ్ఛతోనే చిక్కు కూడా వచ్చింది. ఉత్త ఇసుకలో నది సాధారణంగా పాయలుగా విడిపోతుంది. 1945లో ఫ్రీడ్‌కిన్ విక్స్‌బర్గ్ ప్రయోగాల్లో వంకలు తెప్పించినా అవి నిలకడగా ఒకే పాయగా సాగలేదు. 1972లో షమ్, ఖాన్ నీటిలో కావొలినైట్ అనే బంకమట్టి కలిపితే, గట్లపై మట్టి పేరుకుని నది ఒక దారికి వచ్చింది. 2007లో టాల్, పావోలా లూసర్న్ గడ్డి గింజలు చల్లి, మొలకల వేర్లతో ఒడ్లు బిగించి, పాయల నదిని ఒకే పాయగా మార్చారు. 2009లో బ్రాడ్రిక్ బృందం మొలకలతో పాటు తేలికపాటి సన్నని పదార్థాన్ని కూడా పంపింది. వంక లోపలివైపు అడ్డదారులను ఆ సన్న పదార్థం పూడ్చేయడంతో, నది పాయలుగా చీలిపోకుండా, తన వెడల్పు నిలబెట్టుకుంటూ నడిచింది. ఒడ్డుకు బలం కావాలి, అడ్డదారి పూడాలి, రెండూ ఉంటేనే మెలిక నిలుస్తుందన్న సంగతి తొట్టిలో ఇలా దశాబ్దాల పాటు, ఒక్కో మెట్టుగా తేలింది. గాజు గోడల మధ్య ఇది ఎన్నటికీ తేలేది కాదు.

తొట్టిలో నీటి లోతు ఒకటి రెండు సెంటీమీటర్లే. నీటి వేగాన్ని కొలిచే డాప్లర్ ప్రోబ్‌లు సాధారణంగా తమకు 5 సెంటీమీటర్ల కింద ఉన్న నీటిని కొలుస్తాయి. ఇక్కడ అవి పనికిరావు. పైన తేలే రేణువులను కెమెరాతో వెంబడించడం, ఫొటోల నుంచి నేల ఎత్తులు తీయడం మాత్రమే దారి. లోతు మరీ తగ్గితే నీటి తలం బిగువు కూడా ప్రవాహాన్ని శాసిస్తుంది. ఇంకోటి, సుమారు 0.6 మిల్లీమీటర్ల కంటే సన్నని ఇసుక వాడితే అడుగున చిన్న అలలు లేస్తాయి. ఆ అలల సైజు నీటి లోతును బట్టి తగ్గదు కాబట్టి మీ చిట్టి నదిలో అవి కొండల్లా ఉంటాయి. కాస్త ముతక ఇసుక తీసుకోవడం మేలు.

‘ఇంత చిన్న తొట్టి నిజమైన నదిలా ప్రవర్తిస్తుందా’ అని సమీక్షకులు అడుగుతారు. తొట్టిని ఏదో నదికి బొమ్మగా కాకుండా, అదే ఒక చిన్న నది అనుకుని చూడమని పావోలా, సహచరులు 2009లో వాదించారు. నా అనుభవం కూడా అదే. తీరు గురించి అడిగితే నమ్మండి, మీటర్లలో సంఖ్య అడిగితే నమ్మకండి.

రాయి అరిగేది మరలో

రాతి నది ప్రశ్నకు నీటి కాలువ అవసరమే లేకపోవచ్చు. స్క్లార్, డీట్రిచ్ 2001లో వాడింది ఒక చిన్న స్తూపాకార పాత్ర: అడుగున రాతి బిళ్ల, పైన నీటిని తిప్పే రెక్క, లోపల గుప్పెడు గులకరాళ్లు. గులకరాళ్లు వేయకుండా తిప్పితే రాయి దాదాపు అరగదు. కొన్ని వేస్తే అరుగుదల పెరుగుతుంది, పనిముట్లు దొరికాయి కాబట్టి. ఇంకా వేస్తూ పోతే ఒక చోట నుంచి తగ్గుతుంది, అవే అడుగును కప్పేస్తాయి కాబట్టి. గిల్బర్ట్ 1877లోనే ఊహించిన మాట ఇది. అప్పటికి కొలత లేదు. రాయి తన్యత బలం (లాగితే తెగకుండా తట్టుకునే బలం) రెట్టింపైతే అరుగుదల నాలుగో వంతుకు పడిపోతుందని కూడా ఈ మరల్లోనే తేలింది.

గులకరాళ్లే ఎలా గుండ్రబడతాయన్న ప్రశ్నకు దొర్లే డ్రమ్ములు 19వ శతాబ్దంలో దోబ్రే కాలం నుంచీ ఉన్నాయి. మర చవక, బల్ల మీద పడుతుంది, కొన్ని గంటల్లో ఫలితం ఇస్తుంది. వెడల్పు, వాలు, వరద గురించి మాత్రం ఏమీ చెప్పదు.

ఒక చోటు కోసమే కట్టే నమూనా

వంతెన స్తంభం చుట్టూ గుంట, బ్యారేజీ కింద కోత లాంటి వాటికి ఆ చోటునే చిన్నది చేసి కడతారు. నిష్పత్తి 25కు ఒకటి అనుకుంటే, గురుత్వం ప్రకారం వేగం ఐదో వంతు, ప్రవాహం 3,125వ వంతు అవుతాయి. ఇంతవరకు బాగానే ఉంటుంది. ఇసుక దగ్గరికి వచ్చేసరికి అర మిల్లీమీటరు ఇసుక 0.02 మిల్లీమీటర్లు కావాలి, అది ఇసుక కాదు, అంటుకునే ఒండ్రు. అందుకని తేలిక పదార్థాలు వాడతారు: బొగ్గు పొడి, వాల్‌నట్ చిప్పల పొడి, ప్లాస్టిక్ గుళికలు. కదలిక మొదలయ్యే చోటు సరిపోతుంది. గుంట వాలు, కాలం లెక్క తప్పిపోతాయి. 50 మిల్లీమీటర్ల గులకరాయి మాత్రం 2 మిల్లీమీటర్లయి చక్కగా కుదురుతుంది. గులకరాళ్ల నదులకు ఈ నమూనాలు నమ్మదగ్గవి కావడం, ఇసుక నదులకు తడబడడం అందుకే.

చోటు చాలక నిలువు స్కేలును సాగదీయడం 1880ల్లో ఆస్బర్న్ రేనాల్డ్స్ మెర్సీ నదీముఖానికి చేసిన నమూనా నుంచీ ఉంది. అందులో ఎత్తులను ముప్పై రెట్లకు పైగా పెంచాడు. ఆటుపోట్లకు, మేట ఎక్కడ పడుతుందో చూడడానికి అది పనికొచ్చింది. ఒడ్డు కోతకు మాత్రం సాగదీసిన నమూనాను నేను ఒప్పుకోను. ఒడ్డు నిటారుతనమే మారిపోయాక అది ఎప్పుడు కూలుతుందో దాన్ని అడిగి లాభం లేదు.

మీరెవరు అన్నదాన్ని బట్టి

రెండేళ్ల గడువు, ఒక ఫ్లూమ్, ఒక గైడ్ ఉన్న పరిశోధక విద్యార్థి ఇసుక ప్రశ్న ఎంచుకుని తిప్పే ఫ్లూమ్‌లో చేయడం క్షేమం. సరఫరా, పైపొర మీద ఆసక్తి ఉంటే పోసే ఫ్లూమ్. ఒక్కో పరుగుకు (నీళ్లు వదిలి ఒకసారి ప్రయోగం పూర్తి చేయడానికి) రోజులు పడుతుందని లెక్కేసుకుని, ఇరవై పరుగుల ప్రణాళికను ఎనిమిదికి దించుకోండి. మిగిలిన సమయం రెండు పరుగులను మళ్లీ చేయడానికి వాడండి. ఈ రంగంలో ఒకే పరుగు రెండోసారి ఎంత వేరుగా వస్తుందో చూపించడమే సగం విలువ.

ఒడ్లు, గడ్డి, వంకల మీద మనసున్నవాళ్లు తొట్టికి వెళ్లండి. కెమెరా, ఫొటో కొలతల మీద ముందు పట్టు సాధించండి. నీళ్లు వదిలాక నేర్చుకుందామంటే కుదరదు.

కంప్యూటర్ మోడల్‌కు గుణకం కావాల్సినవాళ్లు పెద్దదేమీ కట్టొద్దు. మట్టికి జెట్ పరీక్ష, బురదకు వలయం, రాయికి మర.

ఉపాధ్యాయులకు ప్లాస్టిక్ గుళికలున్న చిన్న బల్ల తొట్టి అన్నిటికన్నా మంచిది. రేణువులు తేలిక కాబట్టి వంక పుట్టడం, కోసుకుపోవడం ఒక తరగతి సమయంలోనే పిల్లలు చూస్తారు. దాంతో పరిశోధన వ్యాసం రాయాలని మాత్రం అనుకోవద్దు.

కట్టడం కాపాడాల్సిన ఇంజనీరుకు ఒక్క మాట. స్థల నమూనా ఖర్చుతో కూడుకున్నది. ముందు మట్టి నమూనా తీసి పరీక్ష చేయించండి. అడుగు బంకమట్టి అని తేలితే, ఇసుకతో కట్టిన నమూనా ఎంత అందంగా ఉన్నా గుంట లోతుకు అది జవాబు కాదు.

ఏది ఎంచుకున్నా, ఇసుక వేయకముందు ఒక రోజు ఉత్త నీళ్లు వదిలి రంగు పోసి చూడండి. రంగు ఒక గోడ వైపు ఒరిగితే లోపం నీరు వచ్చే చోటే ఉంది. దాన్ని ఆ రోజే సరిచేయడం సులువు. అడుగున టన్ను ఇసుక పరిచాక సరిచేయాలంటే, ఆ టన్నునూ పారతో తీయాలి.